ఖాళీ ఉన్న మూల

డాక్టరు మా అమ్మాయి కుడి మణికట్టుకి పట్టీ బిగించిన రోజునే స్కూలు ఫోటోలు తీయడం పూర్తయింది. ఆరు వారాలు ఆ చేత్తో మౌస్ ముట్టుకోవద్దన్నాడాయన. ముందు ఒక్క పన్నెండు రోజులు పని చేసుకోనివ్వండి, ఆ తర్వాత మీరు చెప్పినట్టే వింటానని మా అమ్మాయి బేరం పెట్టింది.

"నీ పన్నెండు రోజుల కోసం నరం ఆగదమ్మా," అని ఆయన తర్వాతి పేషెంటుని పిలిచాడు.

షాపుకి వచ్చి కూర్చున్నాం. కంప్యూటర్లో రెండువేల ఆరువందల నలభై ఫోటోలున్నాయి. పిల్లలవి విడివిడిగా తీసినవి, తరగతుల గ్రూపులు, ఆటల పోటీలవి. ప్రతి ఫోటో మీదా ఒక లోగో పడాలి. స్కూలువాళ్ళ గంట బొమ్మ, దాని కింద చిన్న అక్షరాల్లో మా స్టూడియో పేరు. అన్నీ స్కూలు చివరి రోజుకి అందాలి. ఆ మర్నాటి నుంచి సెలవులు. పిల్లలు తలో దిక్కూ పోయాక ఆ ఫోటోల మొహం చూసేవాళ్ళుండరు.

పెద్ద టీచరు గారు ఈసారి ముందే చెప్పేశారు. "పోయినేడు మీరు తీసిన ఫోటోల్నే ఇంకో షాపతను తనవని చెప్పుకుని ప్రింట్లు అమ్మాడు. ఈసారి గంట లేని ఫోటో ఒక్కటి వచ్చినా మొత్తం వెనక్కి పంపిస్తాను." ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి.

మా మరిది అంతకంటే గట్టిగా చెప్పాడు. అతను పైపుల పని చేస్తాడు. షాపు సగం అతనిది. మా ఆయన పోయి అప్పటికి ఐదు నెలలు.

"వదినా, అన్నయ్య ఉన్నన్నాళ్ళూ నేనీ గుమ్మంలోకి తొంగి చూశానా? ఇప్పుడు సంగతి వేరు. సెల్‌ఫోన్లాయన అద్దెకి అడుగుతున్నాడు. ఈ స్కూలు పని టైముకి ఇచ్చారనుకో, నేను నోరెత్తను. ఇవ్వలేకపోతే మాత్రం తాళాలు నా చేతిలో పెట్టెయ్యి."

తాళాలు పెట్టేస్తే మా అమ్మాయి ఊరవతల పెద్ద స్టూడియోలో చేరాలి. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళతో ఏడాదిపాటు లైట్లే మోయిస్తారు. మా ఆయన దగ్గర పదేళ్ళు నేర్చుకున్న పిల్ల అది.

"నేను చేస్తాను," అన్నాను.

"నువ్వా?" అంది మా అమ్మాయి.

"మరెవరున్నారు, ఈ గోడా?"

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట. మా ఆయన మంచాన పడ్డాక ఫోటో కవర్ల మీద పేర్లు రాసే మనిషి కావలసి వచ్చి మా అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. కంప్యూటర్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలు. అందుకని నా నోటుపుస్తకంలో నాకు తెలిసేట్టు రాసుకున్నాను. "పై వరుసలో ఎడమ నుంచి మూడో మాట. నొక్కితే కిందికి జాబితా దిగుతుంది. అందులో ఏడోది. చిన్న డబ్బా వస్తుంది, భయపడకు. అందులో కుడివైపు బొత్తాం."

మొదటి రోజు ముప్పై ఒక్క ఫోటోలు చేశాను. రెండో రోజు నలభై నాలుగు. మూడో రోజు సాయంత్రం మా మరిది పైపుల సంచీ భుజాన వేసుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు.

"ఈ లెక్కన పిల్లలకి మీసాలొచ్చే వేళకి ఇచ్చేస్తావు వదినా."

"మీసాలొచ్చినా మొహాలు మారవులే," అన్నాను. నవ్వాడు గాని, నవ్వుతూనే గోడలు ఎన్ని అడుగులున్నాయో కంటితో కొలుచుకున్నాడు. అది నేను చూశాను.

అతను వెళ్ళాక మా అమ్మాయి కుర్చీ నా పక్కకి లాక్కుంది.

"అమ్మా, ప్రతి ఫోటోకీ నువ్వు చేసేవి అవే పదకొండు పనులు. ఫోటో తెరుస్తావు, లోగో తెస్తావు, చిన్నది చేస్తావు, మూలకి జరుపుతావు, దాచిపెడతావు. ఒక్కసారి చేసి చూపిస్తే మిగతావన్నీ అదే చేసుకుపోతుంది."

"ఈ మాట మూడు రోజుల కిందట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నాన్నకి ఇష్టం లేదు కదా. మిషన్‌కి కళ్ళుండవనేవాడు. అందుకే ఆ మాట నా నోట్లోంచి రాలేదు."

"కళ్ళు మనకున్నాయిగా. ఎలాగో చెప్పు."

తెర మీద ఒక మూల ఎర్రచుక్క వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ మనం ఏం చేస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ చుక్క చూడగానే నా చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. ఎక్కడో ఏదో నొక్కాను, ఫోటో తలకిందులైంది. గాభరాపడి మళ్ళీ తిప్పాను, నిలబడింది. మిగతా పనులన్నీ సవ్యంగానే చేశాను. ఎర్రచుక్క ఆర్పేసి ఇరవై ఫోటోలు దానికి అప్పగించాం.

మొదటి ఫోటో వచ్చింది. అందులో ఉన్న పిల్లాడు గిర్రున తలకిందులై, మళ్ళీ నిలబడి, గంట వేయించుకుని వెళ్ళిపోయాడు. రెండో పిల్ల జడలతో సహా పల్టీ కొట్టి, నిలబడి, గంట వేయించుకుని వెళ్ళింది. మూడో ఫోటోలో టీచరు. ఆవిడ కూడా వేసింది పల్టీ.

మా అమ్మాయి పట్టీ కట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక అంతలా నవ్వడం అదే మొదలు. "నువ్వు నేర్పిందే చేస్తోందమ్మా, నీ తడబాటుతో సహా."

"నేను తుమ్మితే అది కూడా తుమ్మేట్టుంది. ఆపు, ఆపు. మళ్ళీ చేస్తాను."

ఈసారి తొందరపడలేదు. ఎర్రచుక్క వెలిగించకుండానే ఆ పదకొండు పనులు తొమ్మిదిసార్లు చేసుకున్నాను. అక్షరాలు నేర్చుకునేటప్పుడు "అ" మీద ఎన్నిసార్లు దిద్దానో, అలా. పదోసారి చుక్క వెలిగించి, లోగోని మౌస్‌తో మెల్లగా కుడిచేతి కింది మూలకి లాక్కెళ్ళి వదిలాను. ఒక్క పని ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

మర్నాడు ఉదయం మొత్తం ఫోటోలు దానికి అప్పగించాం. తెర మీద మొహాలు రెప్పపాటుకొకటి వచ్చి పోతున్నాయి. మధ్యాహ్నం మా మరిది వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు చేస్తున్నారిది?"

"నేనే."

"నీ చేతులు ఒళ్ళో ఉన్నాయి కదా!"

"పొద్దున్నే చేసేశాను."

అతను సంచీ దించకుండానే అయిదు నిమిషాలు చూశాడు. ఆ సాయంత్రం మేమిద్దరం ఆకలేసి భోజనం చేశాం. అంతకుముందు మూడు రోజులూ టైము చూసి తిన్నాం.

మర్నాడు ఒక్కొక్కటే తెరిచి సరిచూడడం మొదలుపెట్టాను. అడ్డంగా తీసినవి బాగానే వచ్చాయి. నిలువుగా తీసినవి తెరిస్తే గంట మూలన లేదు, పిల్లల గుండెల మీద వేలాడుతోంది. నేను మౌస్‌తో లాక్కెళ్ళానుగా, అది ఎంత దూరం లాగానో ఆ దూరాన్నే గుర్తుపెట్టుకుంది. మూల అనేది దానికి తెలియలేదు.

"ఇది సులువేనమ్మా," అంది మా అమ్మాయి. "చేత్తో లాగకుండా, మూలకి అంటించు అని చెప్పే బొత్తాం ఉంది. అసలు ఫోటోలు వేరేగా భద్రంగానే ఉన్నాయి, దాంతో మళ్ళీ చూపిద్దాం."

అప్పుడు గ్రూపులు తెరిచాను.

మా పెద్ద టీచరు గారి గ్రూపులంటే బస్సులో జనంలా ఉంటాయి. పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు, అందరికంటే పొట్టి పిల్ల ముందు వరుస చివర. కుడిచేతి కింది మూల. రెండో తరగతి గ్రూపు తెరిస్తే ఆ మూల ఒక గౌనుంది, రెండు మోకాళ్ళున్నాయి, వాటి పైన గంట ఉంది. మొహం లేదు. మూడో తరగతిలోనూ అంతే. నాలుగోదాంట్లో సగం మొహం.

"ఎన్ని?" అన్నాడు మా మరిది. అతను ఆ రోజు పనిలేకపోయినా వచ్చాడు.

"వందకి పైనే ఉంటాయి బాబాయ్," అంది మా అమ్మాయి.

"రెండువేల ఆరొందల్లో వందా? ఇచ్చెయ్యండి. పెద్ద గ్రూపులో మూలనున్న పిల్లని ఎవరు చూస్తారు?"

"వాళ్ళమ్మ చూస్తుంది," అన్నాను.

అంతకుమించి నేను చెప్పలేదు. చెప్పాలంటే మా పుట్టింటి ఫోటో గురించి చెప్పాలి. మా ఇంటిల్లిపాదీ కలిసి తీయించుకున్నది ఒకటే. అప్పట్లో ఫోటోగ్రాఫర్లు ఫోటో మీదే కిందిమూల తమ ముద్ర నొక్కేవారు. ఆ మూల నేనున్నాను. నాలుగేళ్ళ దాన్ని. ముద్ర గుండ్రంగా నా మొహం మీద పడింది. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నానని చుట్టాలకి మా అమ్మ వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. చూపించినా నమ్మేవాళ్ళు కాదు. ఫోటోలు తీసే మనిషికే నన్నిచ్చి పెళ్ళి చేశారు. ఆయనకి ఇది ఒకసారి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆయన లోగో వేసేముందు ఫోటోని కాసేపు అలా చూస్తూ కూర్చునేది అందుకేనేమో నాకు తెలియదు. అడగలేదు.

"ఏ మూల ఖాళీగా ఉందో ఆ మూల వేయాలి," అన్నాను.

"దానికెవరు చెప్తారమ్మా, ఏ మూల ఖాళీయో?"

"నేను చెప్తాను."

"రెండువేల ఆరొందలకీ?"

"వేయడం దాని పని. చూడడం నా పని. రెండూ నేను చేయబట్టే కదా రోజుకి యాభై దాటలేదు."

మా అమ్మాయి పట్టీ మీద గోళ్ళతో గీక్కుంటూ ఆలోచించింది. తర్వాత లేచి ఎడమచేత్తోనే ఏదో తెరిచింది. ఫోటో చూస్తూ అంకె నొక్కితే ఆ ఫోటోకి అన్ని నక్షత్రాలు పడతాయట. జనం నచ్చిన ఫోటోలకి వేసుకుంటారట అవి. మేం వేరేగా వాడుకున్నాం. కింద కుడివైపు ఖాళీ ఉంటే ఒకటి. కింద ఎడమవైపైతే రెండు. పైన కుడివైపు మూడు, పైన ఎడమవైపు నాలుగు. ఎక్కడా ఖాళీ లేకపోతే అయిదు. నక్షత్రాల్ని బట్టి అయిదు కుప్పలు చేస్తే, ఒక్కో కుప్పకి ఒక్కో పాఠం.

రెండు రోజులు పట్టింది. చదవాల్సిన పని లేదు, రాయాల్సిన పని లేదు, చూడడమే. ఇన్నేళ్ళూ ఫోటోల్లో మనుషుల్నే చూశాను. ఆ రెండు రోజులూ మనుషులు లేని చోటు చూశాను. ఒకదాంట్లో మూల గోడ ముక్క, ఇంకోదాంట్లో కిటికీ తెర, ఆటల ఫోటోల్లో బోలెడంత ఆకాశం. ఒకటి, ఒకటి, మూడు, రెండు. మధ్యాహ్నానికి వేళ్ళు వాటంతటవే నొక్కడం మొదలుపెట్టాయి. అలా నొక్కుతున్నాయని తెలియగానే లేచి మొహం కడుక్కుని వచ్చి, వెనక్కి వెళ్ళి చివరి యాభై ఫోటోలు మళ్ళీ చూశాను. రెండు తప్పులు దొరికాయి.

మా తోటికోడలు టీ పట్టుకొచ్చి, నా వెనక నిలబడి చూసింది. "ఏంటక్కా, పిల్లలందరికీ మార్కులేస్తున్నావా?"

"మూలలకి వేస్తున్నా."

"పాపం ఆ మూల పిల్లాడికి అయిదొచ్చాయి, ఫస్టు క్లాసు."

"వాడితోనే వచ్చింది చిక్కంతా," అన్నాను.

అయిదు నక్షత్రాలవి యాభై ఏడు తేలాయి. అన్నీ గ్రూపులే. నాలుగు మూలల్లోనూ నలుగురు పిల్లలు. మిగతా నాలుగు కుప్పలకీ నాలుగుసార్లు ఎర్రచుక్క వెలిగించి, నాలుగు పాఠాలు చెప్పాం. మూలకి అంటించు, వెడల్పులో పదో వంతు పెట్టు. ఒక్క పూటలో అయిపోయాయి. నిలువువీ అడ్డంవీ అన్నీ సరిగ్గా వచ్చాయి.

యాభై ఏడు దగ్గర మాత్రం నేనూ మా అమ్మాయీ వాదులాడుకున్నాం.

"మసగ్గా వేద్దాం," అంది. "లోంచి మొహం కనిపిస్తుంది." వేసి చూపించింది. చివరి పిల్లాడి బుగ్గ మీద గంట కాలిన మచ్చలా ఉంది.

"వద్దు. ఫోటో కింద తెల్ల పట్టీ పెంచి, దాని మీద వెయ్యి."

"అమ్మా, పట్టీ కత్తెరేసుకుంటే పోతుంది. ఆ షాపతను అదే చేస్తాడు. అసలు గంట ఎందుకు వేయమన్నారు? ఎత్తుకుపోకుండా ఉండడానికే కదా. పెద్ద టీచరు గారు ఫోటో మీద వేయమన్నారు, ఫోటో కింద కాదు. ఒక్కటి తప్పినా మొత్తం వెనక్కి అన్నారు. ఈ యాభై ఏడింటి కోసం షాపు పోగొట్టుకుంటామా?"

దాని మాటలో తప్పేమీ లేదు. నాకూ భయం వేసింది. కాని ఆ యాభై ఏడు ఫోటోల్లో మూలలున్న పిల్లలందర్నీ రెండు రోజులపాటు చూసినదాన్ని.

"కత్తిరిస్తే గంట పోతుంది. పిల్లలుంటారు. పట్టీ పెంచు."

అది కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. తర్వాత ఎర్రచుక్క వెలిగించింది. "సరే, కానీ. పై వరుసలో నాలుగో మాట," అంది.

ఆఖరి రోజుకి ఒక రోజు ముందే స్కూలుకి బయల్దేరాం. మా మరిది స్కూటరు తీశాడు. నన్ను దింపి బయట ఉంటాడనుకున్నాను, లోపలికి కూడా వచ్చి బల్ల చివర నిలబడ్డాడు.

పెద్ద టీచరు గారు కళ్ళజోడు పెట్టుకుని తన కంప్యూటర్లో ఫోటోలు తెరుస్తూ పోయారు. తలూపుతున్నారు. గ్రూపుల దగ్గరికి వచ్చేసరికి తల ఆగింది.

"ఇదేంటిది? గంట బయట వేశారేం? నేను ఫోటో మీద అన్నాను."

"ఫోటో మీద చోటు లేదండి. మీరు అంతమందిని నిలబెట్టారు."

"చోటు లేకపోవడమేంటి? మూల ఉంది కదా."

ఇలా అంటారనే, మొదట మొహం మీద గంట పడ్డ వాటిల్లో ఒకటి కాగితం మీద తీయించి తెచ్చాను. ఆవిడ ముందు పెట్టాను. "ఈ గంట కింద ఉన్నదెవరో చెప్పండి."

ఆవిడకి స్కూల్లో ప్రతి పిల్లా పేరుతో తెలుసు. కాగితం దగ్గరికి తీసుకున్నారు, దూరం పెట్టారు. రెండో తరగతి టీచర్ని పిలిపించారు. ఆ టీచరు ఒక పేరు చెప్పింది. ఆ అమ్మాయి ఆ రోజు రాలేదు కదా అన్నారీవిడ. అయితే ఫలానా అయ్యుంటుందంది ఆ టీచరు. ఆ పిల్ల రెండో వరుసలో కనిపిస్తూనే ఉంది. ఇద్దరూ గౌను చూశారు, మోకాళ్ళు చూశారు. చివరికి హాజరు పట్టీ తెప్పిస్తుంటే నేను తెర మీద మా తెల్ల పట్టీ ఫోటో తెరిచాను. ముందు పళ్ళు రెండూ ఊడి, ఇంతమేర నవ్వుతున్న పిల్ల.

"ఓసినీ, పిడుగు!" అంది టీచరు. "దీన్నెలా మర్చిపోయాం?"

పెద్ద టీచరు గారు నవ్వలేదు. "పట్టీ కత్తిరించుకునేవాళ్ళుంటారు. ఆ సంగతి తెలుసా మీకు?"

"తెలుసండి. యాభై ఏడు ఫోటోలకి ఆ భయం ఉంది. అవెన్నో మీ దగ్గర దాచడం లేదు. మీరొద్దంటే మాట ప్రకారం మొత్తం వెనక్కి తీసుకెళ్తాను. పిల్లల మొహాల మీద మాత్రం వేయను."

బల్ల చివర మా మరిది గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. నేనటు చూడలేదు. చూస్తే మాట మార్చేస్తానేమోనని ఆవిడ కళ్ళజోడునే చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ ఆ కాగితాన్ని రెండుగా మడిచి సొరుగులో పెట్టుకున్నారు. గుమాస్తాతో, "అన్నీ అందాయని రాసివ్వండి," అన్నారు. తర్వాత నాతో కాదు, ఆ టీచరుతో అన్నారు. "వచ్చే ఏడు ముందు వరుస పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదలండి. చివర నిలబడేది ఎప్పుడూ పొట్టివాళ్ళే."

మా మరిది స్కూటరు మీదే తిరిగి వచ్చాం. షాపు ముందు సెల్‌ఫోన్లాయన నిలబడి ఉన్నాడు, చేతిలో కొలిచే టేపుంది. ఆ రోజు రమ్మని మా మరిదే చెప్పుంటాడు. స్కూటరు ఆపి నన్ను దింపాడు గాని, తను దిగలేదు.

"వెనక వీధిలో ఇంకోటుందండి, దీనికంటే వెడల్పు. ఎక్కండి, చూపిస్తాను," అన్నాడు ఆయనతో. నావైపు చూడకుండానే బండి తిప్పాడు.

సెలవులు మొదలైన రెండు వారాలకి నేనూ మా అమ్మాయీ బజారుకెళ్ళాం. దాని చేతికి అప్పటికింకా పట్టీ ఉంది. పోయినేడు మా ఫోటోలు అమ్ముకున్న ఆ షాపు అద్దంలో మా రెండో తరగతి గ్రూపు పెద్దది చేసి పెట్టి ఉంది. కింద తెల్ల పట్టీ లేదు. నీటుగా కత్తిరించాడు. దాని పైన వాళ్ళ షాపు పేరు.

మా అమ్మాయి మొహం ఎర్రబడింది. "చూశావా? చెప్పానా లేదా? ఇప్పుడేమంటావు?"

నేను అద్దం దగ్గరికి వెళ్ళి కిందిమూల చూశాను. పిడుగు అక్కడే ఉంది, ఊడిన పళ్ళతో.

"పెద్ద టీచరు గారికి చెబుదాం. ఆవిడ ఊరుకోరు," అన్నాను.

"చెబుదాం. అది కాదు. పొద్దున ఫోన్ చేసిన ఆ రెండో స్కూలువాళ్ళ సంగతేంటి? నాలుగువేల ఫోటోలు, వాళ్ళ సెలవులకి తొమ్మిది రోజులు. వాళ్ళకీ లోగో వేయాలి. వాళ్ళకీ ఇలాగే చేస్తే వాటినీ ఇలాగే కత్తిరిస్తాడు. ఒప్పుకోమంటావా, వద్దంటావా?"

బజారు రద్దీలో ఎవరో నన్ను తోసుకుంటూ పోయారు. నేను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఒప్పుకో," అన్నాను. "వాటిలో గ్రూపులెన్నో అడుగు."